గుగ్గిలంలో చిక్కిన దొంగ చుట్టం

కోదాడ, హుజూర్‌నగర్, మేళ్లచెరువు చుట్టుపక్కల సిమెంటు కోసం సున్నపురాయిని ఎంత లోతుకు తవ్వినా ఒక్క పురుగు శిలాజం దొరకదు. ఆ రాయి సముద్రం అడుగున పేరుకున్నది 50 కోట్ల ఏళ్లకు ముందు. అప్పటికి భూమ్మీద పురుగన్నదే లేదు. సూర్యాపేట గుట్టల్లోని గ్రానైట్ అంతకంటే ముసలిది, దాని వయసు 250 కోట్ల ఏళ్ల లెక్కలో ఉంటుంది. పెంకు పురుగుల జాడ మొదలయ్యేది సుమారు 30 కోట్ల ఏళ్ల కిందటే. మనకు దగ్గర్లో పురుగు శిలాజాలు కావాలంటే ప్రాణహిత దాటాలి. ఆవలి ఒడ్డున కోట దగ్గర జురాసిక్ కాలపు సున్నపురాళ్లలో చేపలతో పాటు పురుగులూ బయటపడ్డాయి. కాకపోతే రాతిలో పురుగు అణిగి చదునైపోతుంది. ఒంటి మీది వెంట్రుకతో సహా నిలువునా చూడాలంటే అంబరే దిక్కు.

ఆ అంబరు మన దేశంలో గుజరాత్‌లో ఉంది. సూరత్ దగ్గర వస్తాన్, తడకేశ్వర్ లిగ్నైట్ గనుల్లో బొగ్గు పొరల మధ్య పసుపుపచ్చని ముక్కలుగా కనిపిస్తుంది. 5 కోట్ల ఏళ్లకు ముందటి అడవిలో సాల వృక్షపు కుటుంబం చెట్లు కార్చగా గట్టిపడిన బంక అది. ధూపంలో వేసే గుగ్గిలం ఇచ్చే సాల చెట్టుదీ, శేషాచలం కొండల్లో పెరిగే జాలారిదీ అదే కుటుంబం. లక్నోలోని బీర్బల్ సాహ్నీ సంస్థ, జర్మనీలోని బాన్ విశ్వవిద్యాలయం, న్యూయార్క్‌లోని ప్రకృతి చరిత్ర మ్యూజియం శాస్త్రవేత్తలు కలిసి ఆ గనుల్లో 150 కిలోల దాకా అంబరు ఏరారు. అందులో 700కు పైగా పురుగులు, సాలీళ్ల వంటి జీవులు ఉన్నాయని 2010లో ప్రకటించారు. ఏరకపోతే ఆ ముక్కలు కూడా లిగ్నైట్‌తో పాటు కరెంటు కోసం పొయ్యిలోకి పోవాల్సినవే.

వాటిలో ఒకదాని కథ చెప్పుకోవాలి. 2014లో జోసెఫ్ పార్కర్, డేవిడ్ గ్రిమాల్డి అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఒక కొత్త పెంకు పురుగుకు ప్రోటోక్లావిజర్ ట్రైకోడెన్స్ అని పేరు పెట్టారు. దాని వయసు దాదాపు 5 కోట్ల 20 లక్షల ఏళ్లు. ఈ వంశపు పురుగులు పొడవులో బియ్యపు నూకకు అటూ ఇటూగా ఉంటాయి. నివాసం చీమల పుట్ట, వృత్తి మోసం. వీపు చివర బంగారు రంగు వెంట్రుకల కుచ్చులుంటాయి. వాటి దగ్గర ఊరే ద్రవాన్ని నాకిన చీమలు దీన్ని తమ మనిషే అనుకుంటాయి. ఇంట్లోకి మోసుకుపోతాయి, నోటికి నోరు ఆనించి తిండి పెడతాయి. ఈ దొంగ చుట్టం ఆ తిండి తింటూనే పుట్టలోని చీమల గుడ్లనూ పిల్లలనూ కూడా మింగుతుంది. చీమలు కట్టిన ఇంట్లో పాము చేరడం మనం సామెతల్లో విన్నదే. పాముకు ఈపాటి నటన అవసరం లేదు.

అంబరులోని పురుగుకూ ఆ కుచ్చులున్నాయి. అంటే మోసం అప్పటికే మొదలైంది. కానీ ఒక తేడా ఉంది. నేటి వారసులకు పొట్ట మీది పలకలు కొన్ని అతుక్కుపోయి ఒకే పెద్ద పెంకుగా ఉంటాయి. దీనికి అవింకా విడివిడిగానే ఉన్నాయి. సగం దారిలో ఉన్న జీవి ఇది. డైనోసార్ల కాలంలో చీమలు చాలా అరుదు. ఈ గుజరాత్ అడవి నాటికి వాటి సంఖ్య పెరగడం మొదలైంది. చీమల రాజ్యం నిలదొక్కుకుంటున్న రోజుల్లోనే దాని గాదెకు కన్నం వేసేవాడు తయారయ్యాడన్నమాట.

పలకలు అతుక్కోలేదన్న సంగతి ఆ శాస్త్రవేత్తల కంటికి ఎలా ఆనింది? బతికున్న బంధువులను వందల సంఖ్యలో ఎవరో అంతకుముందే పట్టి, కోసి, బొమ్మ గీసి, చీటీ రాసి మ్యూజియం పెట్టెల్లో దాచబట్టి. ఆ పెట్టెలు లేకపోతే అంబరులో ఉన్నది పేరు లేని నలుసు. కొత్త జాతిని వర్ణించడమంటే సగానికి పైగా పాతవాటితో పోల్చి చూసుకునే చాకిరీ. అంబరు ముక్కను కోయాలి, నీళ్లతో అరగదీసి మెరుగు పెట్టాలి, పురుగు ఏ పక్క నుంచి కనబడుతుందో చూడాలి. గుజరాత్ అంబరుకు ఒక వెసులుబాటుంది. టోలిన్ వంటి ద్రావణాల్లో అది కరుగుతుంది, పురుగును బయటికి తీయొచ్చు. ఆ తర్వాత ఒక నమూనాను ఆ పేరుకు ఆధారంగా ప్రకటించి, అది ఏ సంస్థలో ఉంటుందో రాయాలి. జంతువుల పేర్లకు సంబంధించిన అంతర్జాతీయ నియమావళి అడిగేవాటిలో ఇదొకటి.

పేరు ఏది పెట్టాలన్న దాంట్లో మాత్రం నియమావళి పెద్దగా తలదూర్చదు. 1937లో స్లొవేనియా గుహల్లోని ఒక గుడ్డి పెంకు పురుగుకు హిట్లర్ పేరు పెట్టారు. ఇప్పటికీ అదే పేరు. నాజీ అభిమానులు సేకరణ కోసం వెంటపడి దాని బతుకు మీదికి తెచ్చారు. మన నేతలకు ఈ దారి ఇంకా తెలియనట్టుంది, ఫ్లెక్సీలతోనే సరిపెట్టుకుంటున్నారు.

అంబరు మాటెత్తితే మయన్మార్‌ను దాటిపోలేం. కచిన్ రాష్ట్రంలో దొరికే సుమారు 9 కోట్ల 90 లక్షల ఏళ్ల నాటి అంబరు నుంచి ఏటా కొత్త జాతులు గుట్టలుగా వస్తున్నాయి. ఆ గనుల చుట్టూ యుద్ధం నడుస్తోంది, ముక్కలు బజార్లో అమ్ముడవుతున్నాయి. వాటి మీద వ్యాసాలు అచ్చువేయడం ఆపమని వెన్నెముక జీవుల శిలాజాలపై పనిచేసే శాస్త్రవేత్తల సంఘం 2020లో పత్రికలకు లేఖ రాసింది. ఆ మాట సబబేనని నా అభిప్రాయం.

పురుగును గుర్తుపట్టే పని అంబరుతోనే ఆగదు. ఇక మిర్యాలగూడకు వద్దాం. బియ్యం మిల్లు గోదాములో పాత బస్తా విప్పితే మూతి సాగిన ముక్కపురుగు, గింజను పొడి చేసే నుసిపురుగు, ఎర్రటి పిండిపురుగు కనిపిస్తాయి. మూడూ పెంకు పురుగులే. వీటికి శాస్త్రీయ నామాలు 1763, 1792, 1797లోనే వచ్చాయి. మరి తేలిగ్గా గుర్తుపట్టొచ్చా? బియ్యపు ముక్కపురుగునూ మక్కల ముక్కపురుగునూ పైచూపుకు విడదీయలేం. ఖాయంగా తేల్చాలంటే జననాంగాన్ని కోసి సూక్ష్మదర్శిని కింద పెట్టాలి. ఫాస్ఫీన్ పొగకు లొంగని నుసిపురుగులు, పిండిపురుగులు దేశంలో చాలాచోట్ల బయటపడ్డాయి. ఏ పురుగో తెలియకుండా పొగ బిళ్లలు పెంచుకుంటూ పోతే డబ్బూ పోతుంది, గోదాములో పనిచేసే హమాలీ ప్రాణానికీ ముప్పు. అంబరు పురుగుకు పేరు పెట్టిన చదువూ ఈ బస్తా పురుగును తేల్చే చదువూ ఒకటే. దానికి మన డిగ్రీ కాలేజీల్లో మార్కులు పడవు, బయట ఉద్యోగాలు రావు.

కంపాసాగర్‌లో వ్యవసాయ పరిశోధన స్థానం ఉంది, గడ్డిపల్లిలో కృషి విజ్ఞాన కేంద్రం ఉంది, సూర్యాపేట, కోదాడల్లో జువాలజీ చదివే పిల్లలున్నారు. ఒక సీజన్ పాటు మిల్లుల నుంచి, చెరువు గట్ల నుంచి, చీమల పుట్టల నుంచి పెంకు పురుగులను ఏరి, ఊరు, తేదీ, పట్టినవారి పేరు రాసి పెట్టెల్లో గుచ్చితే ఖర్చు ఒక మామూలు సూక్ష్మదర్శినికీ, గుండుసూదులకూ, నాఫ్తలీన్ ఉండలకూ అయ్యేదే. పెట్టె ఏ బీరువాలో ఉండాలో తేల్చడానికి మాత్రం కమిటీ వేయకండి.

— పాలేరువాసి