మోకాలి సూదిమందునకు పంట ఋణమా?

నాట్లు ముగిసి గట్లపైఁ గూర్చుండు వేళ మన రైతులు చెప్పుకొను మాటలలో వానల తరువాత మోకాళ్ళ మాటయే ముఖ్యము. బురదలో వంగి నాటువారికిని, చెఱకుమోపులు మోయువారికిని ఏఁబది దాఁటిన పిమ్మట కీళ్ళు అరుగుట వింత గాదు. విశాఖపట్టణములో ఈ బాధకు పి.ఆర్.పి. అను సూదిమందు కలదని విని మన సభ్యులు కొందఱు బస్సెక్కుచున్నారు. వారిలో ఒకరు వరికిఁ దీసికొన్న ఋణమునుండియే ఆ సూదులకు వెచ్చించి, ఎరువుల నాఁటికి అప్పునకై తిరుగవలసినవారైరి. మోకాలు కొంత నెమ్మదించినదని వారు చెప్పుచున్నారు. అందులకు మేమును సంతసించితిమి. అయినను ఆ నెమ్మది దేనివలనఁ గలిగినదో విచారింపక ఇతరులును ఆ త్రోవనే పోవుట మాకు సమ్మతము కాదు.

ఆ మందు మఱేమియు గాదు, మన రక్తమే. చేతినుండి కొంత రక్తము తీసి యంత్రములో వడిగాఁ ద్రిప్పుదురు. చల్ల చిలుకఁగా వెన్న వేఱుపడినట్లు, ఎఱ్ఱకణములు అడుగునకు దిగి, ప్లేట్‌లెట్లు అధికముగాఁ గల పసుపువన్నె ద్రవము పైన నిలుచును. దానిని మోకాటి కీలులోని కెక్కింతురు. దెబ్బ తగిలినపుడు రక్తమును గడ్డకట్టించి గాయము మానుటకు సాయపడునవి ప్లేట్‌లెట్లే గనుక, అరిగిన కీలునకును ఇవి మేలు చేయునేమో యని వైద్యులు తలఁచుటలోఁ దప్పు లేదు.

ఆ తలంపునకు ఋజువు వెదకుచు ఆస్ట్రేలియాలో నొక పరీక్ష చేసి 2021లో ఫలితములను ప్రకటించిరి. 50 ఏండ్లు దాఁటి, అరుగుదల తేలికగానో మధ్యరకముగానో ఉన్న 288 మందిని రెండు భాగములు చేసి, ఒక భాగమువారికి ఈ ద్రవమును, రెండవవారికి ఉత్త ఉప్పునీటిని, వారమున కొకటి చొప్పున మూఁడు సూదులుగా నిచ్చిరి. ఎవరికేది యిచ్చినదియు రోగులకుఁ దెలియనీయలేదు. ఏడాది గడచినపిదప నొప్పిని 10 పాళ్ళ కొలతపైఁ జూడఁగా, మొదటివారికి 2.1 పాళ్ళును, ఉప్పునీటివారికి 1.8 పాళ్ళును తగ్గియుండెను. ఈ పాటి భేదము లెక్కకు రాదని పరీక్షకులు తేల్చిరి. ఉప్పునీటికే ఇంత నెమ్మది కలిగెనను మాటను సభ్యులు మఱియొకసారి చదువఁ గోరెదము. ఇఁక గుజ్జు మరలఁ బెరుగునను ఆశ సంగతి: ఆ పరీక్షలో ఉభయులకును గుజ్జు రవంత తఱిగినదే కాని పెరుగలేదు.

మేలు కనఁబడిన చిన్న పరీక్షలును లేకపోలేదు. అమెరికాలోని ఎముకల శస్త్రవైద్యుల సంఘము 2021లో, ఇది నొప్పిని తగ్గింపవచ్చునని పరిమితముగా నంగీకరించెను. ఆ దేశపు కీళ్ళవైద్యుల సంఘము 2019లోనే దీనిని వలదని గట్టిగాఁ జెప్పియుండెను. ఒక్కొక్క చోట ఒక్కొక్క విధముగాఁ దయారగుటచే ఏ మందు ఎట్టిదో నిర్ణయింప వీలుకాదని వారి ఆక్షేపణ. పెద్దలే ఏకాభిప్రాయమునకు రాని మందునకు మనము పైరు నేల తాకట్టు పెట్టవలెను?

చేత సొమ్ముండి, వైద్యుని నడిగి, తెలిసి వేయించుకొనువారిని మేము వారింపము. పంట ఋణమును మాత్రము దీనికి మరలింపరాదు. గడువులోఁ దీర్చినవారికి నూటికి 3 వంతుల వడ్డీ రాయితీ కలదు. ఎరువు తప్పి, పంట తగ్గి, గడువు దాఁటినచో అదియుఁ బోవును.

ముందుగా 1923లో వెలసిన ఆంధ్ర వైద్యకళాశాలకుఁ జేరిన కింగు జార్జి ఆసుపత్రికిఁ బోయి, ఎముకల వైద్యులకు మోకాలు చూపుఁడు. తొడకండరములకు బలమిచ్చు వ్యాయామమును, బరువు తగ్గుటను అన్ని సంఘములును ఏకకంఠముగా మెచ్చుచున్నవి. ఎత్తుపీటపైఁ గూర్చుండి కాలు చాఁచి, కొంతసేపు నిలిపి దింపుటకు కానియైన ఖర్చు గాదు. అందుచేతనే కాఁబోలు దానికిఁ బ్రకటనలు లేవు! అంగడిలోఁ గొని దినదినము మ్రింగు నొప్పిబిళ్ళలు మూత్రపిండములకుఁ జెఱుపని మఱవకుఁడు. కీలు పూర్తిగా అరిగినవారు శస్త్రచికిత్స సంగతి వైద్యులతో మాటలాడవలెను.

సూదియే వేయించుకొనఁ దలఁచినవారు తమ అరుగుదల ఏ దశలో నున్నదో, సూదులెన్నియో, మొత్తము వ్యయమెంతో కాగితముపై వ్రాయించుకొనవలెను; రక్తము పలుచనగుటకు మందులు వాడుచున్నచో ముందే చెప్పవలెను. వ్యాయామము నేర్పువారి నొకరిని పిలిపించి సంఘపు గిడ్డంగి వసారాలో వారమున కొకనాఁడు నేర్పించు విషయమును వచ్చు మహాజనసభలోఁ బ్రతిపాదింపఁ దలఁచితిమి.