కారు లాగడం లేదా? కార్బొరేటర్‌ని తిట్టకండి!

ముందు పత్తి లారీ. వెనక తెల్ల మారుతి 800. ఆలూరు నుంచి ఆదోని వెళ్లే దారిలో ఇదేమీ వింత కాదు. కారులో రిటైరైన మాస్టారు, పక్కన ఆయన భార్య. దారి ఖాళీగా ఉంది కదా అని మాస్టారు కుడివైపు తిప్పి యాక్సిలరేటర్ నొక్కారు. కారు ఊపందుకోలేదు. పొలమారినట్టు ఒక్క క్షణం ఆగి, కుదుపుతో కదిలింది. ఇంతలో ఎదురుగా బస్సు. బ్రేకు వేసి మళ్లీ లారీ వెనక్కే చేరారు.

''ఇంగ ఈ కారు వద్దండీ. అమ్మేద్దాం'' అందావిడ, చెమట తుడుచుకుంటూ.

ఊళ్లో ఒకరు కార్బొరేటర్ మార్చేయమన్నారు. ఇంకొకరు ఇంజినే పోయిందన్నారు. నిజానికి పాత కారు పికప్ తగ్గడానికి ఏడెనిమిది కారణాలుంటాయి. వాటిలో సగం పైసా ఖర్చు లేకుండా ఇంటి ముందే తేల్చుకోవచ్చు.

మారుతి 800 తొలిసారి రోడ్డెక్కింది 1983 డిసెంబరులో. తయారీ ఆగింది 2014లో. 1990లలో కొన్న బండ్లకు ఉన్నది కార్బొరేటరే. అంబాసిడర్‌లదీ, పద్మినిలదీ అదే కథ. ఆ తర్వాతి కార్లలో పెట్రోలు లెక్క కంప్యూటర్ చూసుకుంటుంది. కార్బొరేటర్ బండికి మాత్రం చూసే కన్నూ, వినే చెవీ కావాలి.

ఎప్పుడు మొరాయిస్తోంది?

మొదటి ప్రశ్న ఇదే. నొక్కగానే తడబడి తర్వాత సర్దుకుంటే ఒక జబ్బు. మామూలుగా బాగానే ఉండి, వేగం పెరిగాక నీరసపడితే ఇంకో జబ్బు. మొదటిదైతే కార్బొరేటర్‌లోని చిన్న పంపును అనుమానించాలి. రెండోదైతే పెట్రోలు చాలినంత అందడం లేదేమో చూడాలి. ఎండలో కాసేపు నడిచాకే మొండికేస్తే, గొట్టంలో పెట్రోలు ఆవిరై అడ్డుపడుతూ ఉండవచ్చు. ఇంజిన్ గోల పెరుగుతున్నా బండి వేగం పెరగకపోతే కార్బొరేటర్ జోలికే వెళ్లొద్దు. అది క్లచ్ ప్లేటు జారడం!

ముందు గాలి

ఎర్రమట్టి దుమ్ము, పత్తి నూగు తిరిగే ఊళ్లలో ఎయిర్ ఫిల్టర్ తొందరగా పూడుకుపోతుంది. తీసి వెలుగుకు ఎదురుగా పట్టుకోండి. వెలుతురు రాకపోతే మార్చాల్సిందే. చోక్ పూర్తిగా వెనక్కి వెళ్లిందో లేదో చూడండి. ఇంజిన్ ఆపి, ఒకరు పెడల్ పూర్తిగా తొక్కితే, కార్బొరేటర్ దగ్గర లివర్ చివరిదాకా తిరుగుతోందా? తిరగకపోతే తప్పు కేబుల్‌ది.

తర్వాత పెట్రోలు

కార్బొరేటర్ ఒక వంతు పెట్రోలుకు సుమారు పదిహేను వంతుల గాలి కలుపుతుంది. పెడల్ ఒక్కసారిగా నొక్కితే గాలి వెంటనే దూసుకొస్తుంది, పెట్రోలు కాస్త వెనకబడుతుంది. ఆ లోటు తీర్చడానికే యాక్సిలరేటర్ పంపు ఒక చిన్న ధార చిమ్ముతుంది. ఇంజిన్ ఆపి, చల్లారాక, ఎయిర్ ఫిల్టర్ తీసి లివర్ లాగితే ఆ ధార కనిపించాలి. కనిపించలేదంటే దొంగ దొరికినట్టే. దగ్గర్లో బీడీ, సిగరెట్ ఉండకూడదు. ఇంజిన్ నడుస్తుండగా అందులోకి తొంగి చూడకూడదు.

వేగంలో నీరసపడితే పెట్రోల్ ఫిల్టర్, పంపు, చివరికి ట్యాంకు మూత కూడా చూడాలి. మూతకున్న గాలిదారి పూడుకుంటే పెట్రోలు ముందుకు రాదు. మూత కాస్త వదులు చేశాక బండి లాగితే విషయం తేలిపోతుంది.

చివర నిప్పురవ్వ

ప్లగ్గులు విప్పండి. మసిలా నల్లగా ఉంటే పెట్రోలు ఎక్కువవుతోంది. తెల్లగా పాలిపోతే తక్కువవుతోంది. లేత ఇటుక రంగైతే మంచిదే. పాయింట్లు, టైమింగ్ మెకానిక్‌తో చూపించుకోవాలి. పగిలిన రబ్బరు గొట్టాల గుండా గాలి దూరుతోందేమో కూడా. ఇవన్నీ బాగుంటేనే ఇంజిన్ కంప్రెషన్ మాట.

''కార్బేటర్ మార్చేది యాల సార్? ముందు దానికేం జబ్బో సూద్దాం'' అన్నాడు మాస్టారి పాత మెకానిక్. గాలి దారి చూశాడు, లివర్ లాగాడు. ధార లేదు. విప్పితే లోపల పంపు రబ్బరు గట్టిపడి, అంచున చీలిపోయి ఉంది. రిపేరు కిట్‌లోని కొత్త రబ్బరు వేసి, జెట్లు కడిగి బిగించాడు. ఖర్చు వందల్లోనే తేలింది.

పాత బండ్ల వాళ్లు ఇంకోటి గుర్తుంచుకోవాలి. 2025 నాటికి పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలిపే స్థాయికి దేశం చేరింది. ఇథనాల్ కాలడానికి పెట్రోలు కంటే తక్కువ గాలి చాలు. పాత జెట్ల లెక్క మాత్రం మారదు. అందుకే మిశ్రమం కాస్త పలచబడుతుంది, తడబాటు ఇంకొంచెం ఎక్కువగా తెలుస్తుంది. పాతకాలపు రబ్బరు సామాను కూడా దానికి తట్టుకోలేకపోవచ్చు. గొట్టాలు, వాషర్లు ఏటా ఒకసారి చూపించుకుంటే మేలు. నెలల తరబడి కదలని బండిలో పెట్రోలు నిల్వ ఉంచొద్దు.

మర్నాడు మాస్టారు అదే దారిలో వెళ్లారు. అదే పత్తి లారీ కాకపోయినా, అలాంటిదే ఇంకోటి ముందుంది. నొక్కగానే బండి అందుకుంది. ఆయన మాత్రం దారి పూర్తిగా ఖాళీ అయ్యేదాకా ఆగే దాటారు.

అమ్మే మాట ఆవిడ మళ్లీ ఎత్తలేదు. ''నెమ్మదిగానే పోండి'' అని మాత్రం అంది.