బడి ఏదైనా కావచ్చు, సాయంకాలం ఎవరిది?

ఆదివారం పూజ ముగిసి ప్రసాదం చేతికి అందేసరికి మన ఆలయ మండపంలో ఈ మధ్య ఒకే ప్రశ్న వినవస్తున్నది. హైదరాబాదు నుండో విశాఖపట్నం నుండో ఉద్యోగరీత్యా కౌలాలంపూరుకూ సైబర్‌జయాకూ వచ్చిన యువ దంపతులు మమ్మల్ని ఆపి, "మాస్టారూ, పిల్లవాణ్ణి ఏ బడిలో వేయమంటారు?" అని అడుగుచున్నారు. ముప్పై ఏళ్లు ఈ దేశపు బడుల్లో గణితం చెప్పినవారము గనుక తెలిసినంత చెబుతున్నాము. అయితే చెప్పిన ప్రతిసారీ వారు అడగని ప్రశ్న ఒకటి మా గొంతులోనే ఉండిపోతున్నది. దానిని ఈ పుటలో అడుగుదామని కూర్చున్నాము.

ముందుగా అడిగినదానికి జవాబు. ప్రభుత్వ పాఠశాలలు మూడు తీరులు: మలయ్ మాధ్యమపు జాతీయ పాఠశాల, చీనీ మాధ్యమపు బడి, తమిళ మాధ్యమపు బడి. పిల్లవాడికి ఏడేళ్లు నిండే సంవత్సరంలో ఒకటవ తరగతి మొదలవుతుంది. అందుచేత మన దేశంలో రెండవ తరగతికి వచ్చిన పిల్లవాడిని ఇక్కడ ఒకటవ తరగతిలో కూర్చోబెట్టవచ్చు. తల్లిదండ్రులు దానిని అవమానంగా భావించనక్కరలేదు. విదేశీ పౌరుల పిల్లలకు చోటు దొరకాలంటే విద్యాశాఖ అనుమతి కావాలి, స్థానిక పిల్లల తరువాతనే వారి వంతు. ఇక ప్రైవేటు వైపు బ్రిటిషు, ఆస్ట్రేలియా, అమెరికా పాఠ్యక్రమాల అంతర్జాతీయ పాఠశాలలు ఉన్నవి, సీబీఎస్ఈ బోధించే భారతీయ పాఠశాలలూ ఉన్నవి. మూడేళ్లలో తిరిగి వెళ్లడం నిశ్చయమైతే సీబీఎస్ఈ సులభం. ఇక్కడే స్థిరపడే ఆలోచన ఉంటే మలయ్ భాషకు భయపడవద్దు. ఏడేళ్ల పిల్లవాడు మీకంటె ముందే దానిని పట్టుకుంటాడు. భాషను 'బహసా' అనీ, ఉపాధ్యాయుణ్ణి 'గురు' అనీ పిలిచే భాష మన చెవికి అంత పరాయిది కాదు.

ఇంతవరకు ఎవరైనా చెప్పగలరు. మా తగవు దీని తరువాతిది.

ఈ బడులలో ఏది ఎంచుకున్నా మీ పిల్లవాడికి తెలుగు అక్షరం తనంత తాను రాదు. రుసుము పెంచినా రాదు, పాఠ్యక్రమం మార్చినా రాదు. 1996 నాటి మలేషియా విద్యా చట్టం చూడండి. జాతీయ పాఠశాలలో కనీసం పదిహేనుగురు విద్యార్థుల తల్లిదండ్రులు కోరితే చీనీ, తమిళ భాషలు నేర్పే ఏర్పాటు చేయవలెనని అందులో ఉన్నది. ఈ నేల ఆదివాసుల భాషలకూ ఒక దారి ఉంచారు. ఆ తరువాతి వాక్యంలో అరబ్బీ, జపానీ, జర్మన్, ఫ్రెంచి భాషల పేర్లు వచ్చి, చివర 'మరే ఇతర విదేశీ భాష' అన్న మాట ఉన్నది. తెలుగు పేరు ఎక్కడా లేదు. నాలుగు తరాలుగా ఈ మట్టిలో చెమట కలిపిన మావంటివారి ఇంటిభాషకు దొరికిన చోటు ఆ చివరి మాట ఒక్కటే. సీబీఎస్ఈ విషయాల పట్టికలో తెలుగు ఉన్న మాట నిజమే. కాని పట్టికలో ఉండడం వేరు, బడిలో ఉపాధ్యాయుడు ఉండడం వేరు. ప్రవేశ పత్రం నింపే రోజున బస్సు గురించి, ఈతకొలను గురించి అడిగే తల్లిదండ్రులు తెలుగు గురించి కూడా ఒక్క మాట అడగండి. జవాబు మాకు తెలుసు, అయినా అడగండి. పదిమంది అడిగితే పదకొండవవారికి జవాబు మారవచ్చు.

ఈ మాట అనగానే ఎదురు వచ్చే సమాధానం మాకు కంఠతా వచ్చును. "ఇంట్లో తెలుగే మాట్లాడుకుంటాము కదండీ, పైగా మేము ఉండేది మూడేళ్లే."

మా ముత్తాత కూడా మూడేళ్లే అనుకున్నాడు. ఒప్పంద కూలీగా విశాఖపట్నం జిల్లా నుండి బయలుదేరి, పినాంగు దగ్గరి జెరెజాక్ దీవిలో దిగ్బంధపు రోజులు గడిపి, దిగువ పేరాక్‌లోని కొబ్బరి తోటకు చేరాడని మా ఇంట్లో చెప్పుకునేవారు. 1910లో మలయాలో ఆ ఒప్పంద విధానానికి తెర పడింది. మా ముత్తాత మాత్రం తోటలోనే ఉండిపోయాడు. తన పిల్లలకు అక్షరాలు ఊరికి వెళ్లాక నేర్పుదామనుకున్నాడట. ఊరికి వెళ్లలేదు.

ఇంట్లో మాట్లాడితే చాలునన్న సిద్ధాంతాన్ని మా కుటుంబం నాలుగు తరాలు పరీక్షించి చూసింది. ముత్తాత కాలంలో ఇంటినిండా తెలుగే. తాత మాట్లాడేవాడు, చదవలేడు. మా నాన్నగారు ఇంట్లో తెలుగు, బయట తమిళం, దొరతో మలయ్ మాట్లాడేవారు. పది మంది బడి ఈడు పిల్లలుంటే తోట యాజమాన్యం బడి నడపవలెనని 1912 నాటి కార్మిక చట్టం చెప్పింది గాని, ఆ బడి భాషను తోటలో ఎక్కువమంది మాట్లాడే భాషే నిర్ణయించింది. తెలుగువారు గుంపుగా ఉన్న కొన్ని తోటల్లో తెలుగు బడులు ఉండేవి. అవి ఒక్కటొక్కటిగా మూతపడినవి. మేము చదివినది తమిళ బడిలో. ఆ తమిళ ఉపాధ్యాయుల ఋణం తీర్చుకోలేనిది. మా కోపం వారి మీద కానే కాదు. ఆ తరువాత మాధ్యమిక పాఠశాలకు పోయే ముందు 'పెరాలిహాన్' అనే తరగతిలో ఒక సంవత్సరం అదనంగా కూర్చొని మలయ్ గట్టి చేసుకున్నాము. ఇన్ని భాషలు నేర్వడానికి సమయం దొరికింది. తెలుగు అక్షరాలకు దొరకలేదు. అవి మాకు ఏభై ఏళ్లు దాటిన తరువాత, ఇదే మండపంలో, సాయంకాలపు తరగతిలో పట్టుబడినవి. ఇప్పటికీ వత్తులు వ్రాసేటప్పుడు చేయి ఒక క్షణం ఆగుతుంది.

మాటకు లిపి తోడు లేకపోతే ఏమవుతుందో చూడదలచినవారు శ్రీరామనవమి నాడు మన పిల్లల చేతుల్లోని కాగితాలు చూడండి. తెలుగు కీర్తన రోమను అక్షరాలలో వ్రాసి ఉంటుంది. మొన్న ఒక పాప మమ్మల్ని అడిగింది: కల అంటే నిద్రలో వచ్చేది గదా, పాటలో దేవుడి ముఖంలో కల ఉన్నదంటారేమి? అది కళ అమ్మా, అన్నాము. కాగితం మీద రెండూ ఒక్కటే. ళకారం, ణకారం పోయినవి, దీర్ఘాలు పోయినవి, అర్థం వాటి వెంట పోయింది. రాగం మాత్రం చక్కగా పాడింది. మా మనసు కష్టపడిన మాట దాచము. పదేళ్లు పాడినా ఆ పాపకు తాను పాడుతున్నది తెలియకపోవచ్చును.

కొత్తగా వచ్చినవారి ఇళ్లలో ఇదంతా ఇంకా వేగంగా జరుగుతున్నది. మాకు నాలుగు తరాలు పట్టినది వారికి నాలుగేళ్లలో ముగుస్తున్నది. తరగతికి వచ్చే ఒక తొమ్మిదేళ్ల బాలుడు ఇక్కడికి వచ్చిన కొత్తలో నాయనమ్మతో ఫోనులో గలగలా మాట్లాడేవాడట. రెండేళ్ల అంతర్జాతీయ పాఠశాల తరువాత నాయనమ్మ తెలుగులో అడుగుతుంది, వాడు ఇంగ్లీషులో చెబుతాడు, తల్లి మధ్యలో అనువదిస్తుంది. ఆ తల్లిని మేము నిందించలేదు. ఆమె తానే వాణ్ణి తీసుకొని వచ్చింది. నిందించవలసినది, "వాడికే వస్తుందిలే" అని ఆమెకు సలహా ఇచ్చిన మనందరినీ.

తిరిగి వెళ్లే కుటుంబాలకు ఇది ఇంకా కఠినమైన లెక్క. తెలంగాణలో 2018 నాటి చట్టం ప్రకారం ఒకటి నుండి పదవ తరగతి వరకు తెలుగును దశలవారీగా తప్పనిసరి చేశారు. సీబీఎస్ఈ, ఐసీఎస్ఈ, ఐబీ పాఠశాలలకూ అది వర్తిస్తుంది. ఇక్కడ నాలుగేళ్లు తెలుగు అక్షరం చూడని పిల్లవాడు అక్కడ ఆరవ తరగతిలో ఏ పుస్తకం తెరుస్తాడు? విమానం టిక్కెట్లు కొన్న తరువాత అక్షరమాల కోసం వెదకే తల్లిదండ్రులను మేము చూశాము. పిల్లవాడి కన్నీళ్లూ చూశాము.

మన ఇంటి తప్పులు కూడా చెప్పుకోవాలి గదా. అంతర్జాతీయ పాఠశాలలలో మలేషియా పిల్లలకున్న నలభై శాతం పరిమితిని 2012లో ఎత్తివేసిన తరువాత మన పాత కుటుంబాలూ అటే నడుస్తున్నవి. వెళ్లనీయండి. కాని సోమవారం గణితం ట్యూషను, మంగళవారం మలయ్ ట్యూషను, బుధవారం ఈత, గురువారం కరాటే అని పట్టిక వేసి, తెలుగుకు సమయం లేదని మాతో చెప్పేవారు ఆ పట్టిక ఎవరు వేశారో కూడా చెప్పాలి. 1955 నుండి ఈ దేశంలో తెలుగువారికి ఒక సంఘం ఉన్నది. 1981లో రెండవ ప్రపంచ తెలుగు మహాసభలు కౌలాలంపూరులోనే జరిగినవి. సభ పెట్టగలిగిన జాతి వారానికి రెండు గంటలు పెట్టలేదా?

ఇతర దేశాలు చూడండి. మారిషస్‌కు మనవారు కూడా మన ముత్తాతల వలెనే ఒప్పంద కూలీలుగా వెళ్లారు. అక్కడి ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో తెలుగు ఐచ్ఛిక విషయంగా నేటికీ ఉన్నది. సింగపూరులో తమిళం గాక హిందీ, బెంగాలీ, గుజరాతీ, పంజాబీ, ఉర్దూ భాషలను పరీక్షకు వ్రాసే వీలున్నది. వాటి తరగతులను ఆయా సమాజాలే వారాంతంలో నడుపుతున్నవి. ఆ జాబితాలో తెలుగు లేదు. ప్రభుత్వం ముందు నడిచి అడగలేదు అని కూర్చున్నవారికి ఏదీ రాలేదని మా అభిప్రాయం.

ఇంకొక మాట, కొంచెం నొప్పి కలిగించేది. ఒక తల్లి తన కూతుర్ని మన తరగతి నుండి మాన్పించింది. మా తెలుగు శుద్ధమైనది కాదట. పిల్లకు యాస అంటుకుంటుందట. నిజమే. మా మాటలో తమిళం దొర్లుతుంది, వాక్యం చివర మలయ్ వారి 'లా' చేరుతుంది. "రావమ్మా లా" అంటాము, తరువాత నాలుక కరచుకుంటాము. కాని మా అక్షరాలలో యాస లేదు. శుద్ధమైన తెలుగు గల అమ్మలారా, మీరు వచ్చి ఆ బల్ల వెనుక నిలబడండి. మేము విద్యార్థులతో కలిసి ముందు వరుసలో కూర్చుంటాము. మీ వద్ద నుడికారం ఉన్నది, మా వద్ద ఈ నేలలో నాలుగు తరాల అనుభవం ఉన్నది. రెండూ ఒకే మండపంలో ఉండి ఒకదానినొకటి పలకరించుకోకపోవడం మాకు అర్థం కావడం లేదు.

కాబట్టి బడి విషయంలో మమ్మల్ని సలహా అడిగేవారికి ఇకపై ఒక ఎదురు ప్రశ్న వేయదలచాము: వారంలో ఏ సాయంకాలం తెలుగుకు? అది చెప్పిన తరువాత బడుల పేర్లు చెబుతాము.

మన తరగతి శనివారం సాయంకాలం ఐదు గంటలకు, మండపం వెనుక గదిలో. నాలుగు గీతల పుస్తకం, పెన్సిలు మేమే ఇస్తాము. రుసుము లేదు. మొదటి నెల తల్లిదండ్రులలో ఒకరు పిల్లవాడి పక్కనే కూర్చొని వ్రాయాలి. అది మాత్రం మా షరతు.