రెండు వచ్చింది సరే, ఏవి రెండు?

ఇందుకూరుపేట, విడవలూరు వైపు నుంచి నా క్లాసుకొచ్చే పిల్లల్లో చాలామంది ఇళ్లలో రొయ్యల గుంటలున్నాయి. మాత్రిక ఇస్తే ర్యాంకు చకచకా కట్టేస్తారు. ‘రెండు వచ్చింది సార్’ అంటారు. ఏవి రెండని అడిగితే తలలు దించుకుంటారు. మన పరీక్షలు ఆ మాట అడగవు మరి.

గుంట లెక్కే చూద్దాం. వనామీ రొయ్యలకు కాల్షియం, మెగ్నీషియం, పొటాషియం చల్లడం ఇక్కడ అందరికీ తెలుసు. లెక్క కోసం మూడు రకాల సంచులు అనుకోండి. మొదటి రకంలో కిలోకి ఆ మూడూ వరసగా 2, 1, 0 పాళ్లు. రెండో రకంలో 0, 1, 2. మూడోది ఆ రెండూ సగం సగం కలిపింది: 1, 1, 1. సంచికో నిలువు వరుస, ఖనిజానికో అడ్డు వరుస వేస్తే మాత్రిక తయారు.

సంచుల్ని రకరకాల పాళ్లలో కలిపితే, తీసివేతలకూ చోటిస్తే, వచ్చే ఫలితాలన్నీ చేరి నిలువు వరుసల అంతరాళం. గుంటకు 3, 1, 3 కావాలంటే ఎన్ని సంచులు కొన్నా కుదరదు. ఇక్కడ మెగ్నీషియం ఎప్పుడూ మిగతా రెండింటి మొత్తంలో సగమే. అడ్డు వరుసలు చూస్తే ఆ సంగతి తెలుస్తుంది. చల్లింది మూడో రకం రెండు కిలోలా, మొదటి రెండూ కిలో చొప్పునా అన్నది ఫలితం చూసి కనిపెట్టలేం. ఫలితం నుంచి సంచుల గురించి ఎంత రాబట్టగలమో తేల్చేది అడ్డు వరుసల అంతరాళం.

సంచులు మూడు, నిజంగా వేరైనవి రెండు. అంకెలు మూడు, కొత్త సంగతి చెప్పేవి రెండు. ఏ మాత్రికలోనైనా ఈ రెండు లెక్కలూ సమానమే. ర్యాంకంటే అదే. ఇంత అందమైన నిజాన్ని పిల్లలకు చెప్పకుండా పంపిస్తున్నాం.

చిన్నతనంలో కొంతకాలం మన గూడూరులో చదువుకున్న గణాంక శాస్త్రవేత్త సి.ఆర్.రావు గారికి 1950లలో హిరోషిమా, నాగసాకి బాంబు బాధితుల కొలతల లెక్కలో మన సంచుల మాత్రికలాగే ర్యాంకు తగ్గి, విలోమం లేని మాత్రిక ఎదురైంది. ఆయన దాన్ని పక్కన పెట్టలేదు. విలోమం చోట ఏది పనికొస్తుందని వెతికారు. ఆ ఆలోచన పెరిగి 1971లో సుజిత్ కుమార్ మిత్రాతో కలిసి రాసిన సాధారణీకృత విలోమాల పుస్తకమైంది.

ప్రశ్నపత్రాలు తయారుచేసే పెద్దలకు నా విన్నపం ఒకటే. ర్యాంకు కనుక్కోమన్న ప్రతిచోటా, ఏ వరుస ఎందుకు అదనమో రెండు వాక్యాల్లో రాయమనండి. సగం మార్కులు దానికివ్వండి. అప్పుడు పిల్లలే కాదు, మేమూ క్లాసులో చెప్పే తీరు మార్చుకుంటాం.