ఇంటింట నాణెముల గని

బిట్‌కాయిను వెల పెరిగిన ప్రతి పర్యాయమును మన పట్టణములందు నొక ప్రశ్న తలయెత్తుచుండును. నాణెమును వెలయిచ్చి కొనుటకంటె దానిని పుట్టించు యంత్రమునే కొని యింట నొక మూల నిలిపినచో నెలనెలకు రాబడి రాదా యనునది ఆ ప్రశ్న. ఉద్యోగము చేయు కుమారుడు తండ్రి నడుగుచున్నాడు. పొలము కౌలునకిచ్చి పట్టణము చేరిన గృహస్థు తన మిత్రుల నడుగుచున్నాడు. ప్రశ్న అవివేకమైనది కాదు. తిండిగింజలు కొనుటకంటె పండించుకొనుట మేలను తలంపు భూమిగల కుటుంబములకు తరతరములనుండి వచ్చినదే. అయితే ఈ గనిలో పలుగును లేదు, పారయును లేదు. ఇందు వెచ్చింపబడునది విద్యుచ్ఛక్తి. కావున లెక్కను విద్యుత్తుతోనే ఆరంభింపవలసియున్నది.

ఈ వ్యవస్థను సతోషి నకమోటో యను మారుపేరు గల వ్యక్తి 2008 అక్టోబరులో ప్రకటించెను. 2009 జనవరి 3వ తేదీన దాని మొదటి పుట వ్రాయబడెను. ఇది యొక చిట్టా పుస్తకము వంటిది. లోకమందెవ్వరు ఎవ్వరికి నాణెముల నిచ్చిరో ఆ పద్దులన్నియు సుమారు పది నిమిషముల కొక పుట చొప్పున దానికెక్కుచుండును. పుటను ముగించి ముద్రవేయు హక్కు ఒక విధమగు అంకెల లాటరీలో ముందుగా గెలిచిన యంత్రమునకు లభించును. యంత్రము చేయు పనియెల్ల ఊహించుట, తప్పుట, మరల ఊహించుట. గెలిచినవానికి బహుమానముగా మొదట 50 నాణెములు లభించుచుండెను. అది సుమారు నాలుగేండ్ల కొకసారి సగమగుచు 2012లో 25, 2016లో 12.5, 2020లో 6.25 అయి, 2024 ఏప్రిలులో 3.125కు దిగెను. యంత్రములెన్ని పెరిగినను పుటలు పెరుగవు. 2016 పుటల కొకమారు, అనగా సుమారు రెండు వారములకు, లెక్కయొక్క కాఠిన్యము తనంతట సర్దుకొనును. ఆ కారణముచే లోకమున కంతటికిని దినమునకు పుట్టు క్రొత్త నాణెములు రమారమి 450 మాత్రమే. ఏరు ఒక్కటే, కాలువలు పెరిగినకొలది ఒక్కొక్క చేనికి పారు నీరు తగ్గును.

తొలిదినములలో సామాన్యమైన కంప్యూటరే యీ పనికి చాలియుండెను. తరువాత గ్రాఫిక్సు కార్డులు వచ్చెను. 2013 నుండి యీ యొక్క పనికే నిర్మింపబడిన యంత్రములు బయలుదేరి, బిట్‌కాయిను విషయమున తక్కిన వానినెల్ల వెనుకకు నెట్టెను. ఇథీరియమను మరియొక నాణెమునకు మాత్రము కార్డులు పనికివచ్చుచుండుటచే, కాలేజీ యువకులు నాలుగైదు కార్డులను ఇనుప చట్రమునకు బిగించి పడకగదులలోనే నడుపుకొనిరి. 2022 సెప్టెంబరు 15వ తేదీన ఆ వ్యవస్థ తవ్వకమునే విడనాడెను. ఆ దినముతో ఆ కార్డులు చేయుచున్న పని ముగిసెను. ఇంటి గని లాభసాటియని నేడును చెప్పువారిలో పెక్కుమంది ఆనాటి జ్ఞాపకముతో చెప్పుచున్నవారే.

ఇక నేటి లెక్క. చీనాదేశపు బిట్‌మెయిను సంస్థ చేయు ఆంట్‌మైనరు ఎస్21 అను యంత్రమును గైకొందము. ఇది సెకనుకు 200 టెరాహాషుల వేగముతో లెక్కకట్టును. 3,500 వాట్ల విద్యుత్తును గ్రహించును. రేయింబవళ్లు నడచినచో దినమునకు 84 యూనిట్లు, నెలకు 2,520 యూనిట్లు. దీపములు, పంకాలు, ఫ్రిజ్జు, నీటి మోటారు గల మధ్యతరగతి గృహమొక్కటి నెలంతయు వాడుకొనునంత విద్యుత్తును ఈ పెట్టె మూడు దినములలో హరించును. గృహవినియోగమున వాడుక పెరిగినకొలది ధర మెట్లు మెట్లుగా నెక్కునని మన పాఠకులు బిల్లులు చూచి యెరిగినదే. పై మెట్టున యూనిటు వెల రెండు తెలుగు రాష్ట్రములందును పది రూపాయల కించుమించుగా నున్నది. క్రింది మెట్లను ఇల్లు ముందే వాడుకొనియుండును గనుక యంత్రమునకు పై మెట్టే గతి. నెలకు సుమారు ఇరువదియైదు వేల రూపాయలు.

రాబడి యెంత? లోకమందలి యంత్రములన్నిటి గణనశక్తి 2025లో సెకనుకు వేయి ఎక్సాహాషుల మేరను ముట్టెను. ఆ లెక్కన మన యంత్రము ఏబది లక్షలలో నొకవంతు. ఒంటరిగా పోటీపడినచో సగటున తొంబదియైదేండ్లకు ఒక గెలుపు. కావుననే యజమానులందరును సంఘములుగా చేరి, వచ్చిన దానిని వంతులవారీగా పంచుకొనుచున్నారు. సంఘమును నడుపువాడు తన రుసుమును ముందే మినహాయించుకొనును. మన వంతునకు దినమునకు నాణెములో లక్షకు తొమ్మిది పాళ్లు వచ్చును. నాణెము వెల ఎనుబది లక్షలనుకొనిన 720 రూపాయలు, నెలకు 21,600. విద్యుత్తు వెలయే రాలేదు. యంత్రపు వెల మాట చెప్పనేల? వెల కోటి రూపాయలైన 27,000 వచ్చును. పద్దెనిమిది వందలు మిగిలినట్లు తోచును.

తోచుటయే కాని మిగులుట లేదు. 2022 నుండి ఇట్టి నాణెములను విక్రయించి పొందిన ఆదాయముపై నూటికి ముప్పది చొప్పున పన్ను విధింపబడినది. నాణెమును కొన్న వెల తప్ప మరి యే వ్యయమును మినహాయింపరు. ఒకదాని నష్టమును వేరొకదాని లాభములో పూడ్చుకొననీయరు. తవ్వకమునకైన యంత్రసామగ్రి వ్యయము కొన్న వెల క్రింద రాదని 2022 మార్చిలో కేంద్ర ఆర్థిక సహాయమంత్రి పంకజ్ చౌదరి లోక్‌సభలో స్పష్టము చేసిరి. కావున ఆ 27,000 పైనను, విద్యుత్తునకు చెల్లించినది యెంతయైనను, పన్ను 8,100. యంత్రపు వెలను మరచిపోయి, విద్యుత్తును పన్నును మాత్రమే గట్టెక్కవలెనన్నను నాణెము కోటి ముప్పదిమూడు లక్షలు పలుకవలెను. అంత పలికిననాడు లోకమందంతటను క్రొత్త యంత్రములు వెలసి మన వంతు తగ్గియుండును. పొగాకు ధర పెరిగిన మరుసటి యేడు అందరును పొగాకే వేసిన కథ మన రైతులకు క్రొత్తది కాదు.

ఇంత చెప్పినను యంత్రమును తెచ్చెదనను పట్టుదల గలవారు ఇంటి గోడలలోని తీగలను ముందుగా పరీక్షింపజేయవలెను. 3,500 వాట్లనగా 230 వోల్టుల వద్ద పదునైదు ఆంపియర్లు. పదునారు ఆంపియర్ల సాకెట్టు ఇస్త్రీపెట్టెను పావుగంట భరించును; ఇట్టి భారమును నెలల తరబడి మోయుటకు ఏర్పడినది కాదు. బిగువు చాలని చోట సాకెట్టు వేడెక్కి కరగును. అగ్నిప్రమాదములకు అదియే ఆరంభము. మెయిను బోర్డు నుండి నాలుగు చదరపు మిల్లీమీటర్ల రాగి తీగతో ప్రత్యేకముగా లైను లాగి, దానికి వేరుగా ఎంసీబీ నమర్చి, ఎర్తు సరిచూడవలెను. ఇంటి సర్వీసునకు మంజూరైన లోడు రెండు మూడు కిలోవాట్లే యైనచో విద్యుత్ సంస్థకు దరఖాస్తు చేసి పెంచుకొనవలెను. గ్రహించిన విద్యుత్తంతయు వేడిగా మారును. ఆ వేడి సరిగా ఒక టన్ను ఏసీ తొలగింపగలిగినంత. అనగా రెంటచింతలలోనో, రామగుండములోనో వేసవి మధ్యాహ్నమున ఈ యంత్రమును మూసిన గదిలో నుంచినచో దాని కొరకు ఒక ఏసీని నిరంతరము నడుపవలెను. దినమునకు మరి యిరువది యూనిట్లకు పైగా వ్యయము. తలుపులు తెరచి పెద్ద పంకాతో వేడిని బయటికి త్రోసినచో ధూళియు, పిండిమరను పోలిన రొదయు ఇరుగుపొరుగుల పాలగును.

సూర్యరశ్మి యున్నది కదా యని కొందరు. 2024 ఫిబ్రవరిలో ఆరంభమైన ప్రధానమంత్రి సూర్యఘర్ పథకము క్రింద మూడు కిలోవాట్ల పలకలకు 78,000 రూపాయల సహాయము లభించుచున్నది. పథకము మంచిది, గృహస్థులు వినియోగించుకొనవలసినదే. కాని కిలోవాటునకు దినమునకు నాలుగు యూనిట్ల చొప్పున ఆ పలకలిచ్చునది పండ్రెండు యూనిట్లు. యంత్రము మూడున్నర గంటలలో దానిని మ్రింగివేయును. 84 యూనిట్లకు ఇరువదియొక్క కిలోవాట్ల పలకలు, సుమారు రెండువేల చదరపుటడుగుల మేడ కావలెను. అంత మేడ గలవాడు ఆ విద్యుత్తును ఇంటికి వాడుకొని బిల్లు తగ్గించుకొనుటయే లాభము.

మరి లోకమున ఈ వ్యాపారము ఎవ్వరికి గిట్టుచున్నది? విద్యుత్తు కారుచౌకగా నున్న చోట. లేదా దాని వెలను మరియొకరు చెల్లించుచున్న చోట. మొదటి దానికి మన పొరుగు భూటానమే నిదర్శనము. ఆ రాజ్యము తన కొండయేరుల విద్యుత్తుతో ప్రభుత్వమే తవ్వకము నడిపి 2024 నాటికి పదివేలకు పైగా నాణెములను కూడబెట్టినట్లు పరిశీలకులు లెక్కించిరి. ఏరు వారిది, ఆనకట్ట వారిది, ఆదాయము వారి ఖజానాది. రెండవ దానికి నిదర్శనములు పెక్కు. ఇరానుదేశము 2019లో ఈ పరిశ్రమను అంగీకరించెను. చౌక విద్యుత్తును మరగి అనుమతిలేని యంత్రములు పెరిగెను. 2021 వేసవిలో నగరములు చీకటిపాలుకాగా ప్రభుత్వము నాలుగు మాసములు తవ్వకమును నిషేధించెను. ఉత్తర కొసావోలో రెండు దశాబ్దములకు పైగా బిల్లు చెల్లింపని ప్రాంతములందు యంత్రములు వెలసెను. 2022 జనవరిలో అచ్చటి ప్రభుత్వమును నిషేధము విధించెను. మలేషియాలోని మిరి పట్టణమున 2021లో, దొంగ విద్యుత్తుతో నడచిన 1,069 యంత్రములను పోలీసులు వరుసగా పేర్చి రోడ్డురోలరుతో త్రొక్కించిరి.

ఇచ్చటనే మన రాష్ట్రముల సంగతి వచ్చుచున్నది. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశమున వ్యవసాయమునకు ఉచిత విద్యుత్తు ఆరంభమైనది. తెలంగాణము 2018 జనవరి 1 నుండి దానిని ఇరువదినాలుగు గంటలు నీయసాగెను. మోటారు సర్వీసులలో పెక్కింటికి మీటరు లేదు. పైన చెప్పిన లెక్కలో విద్యుత్తు వెలను సున్న చేసినచో తక్షణమే నష్టము లాభమగును. ఈ దుర్బుద్ధి పుట్టించుటకు వేరొక గురువు అక్కరలేదు. కాగితముపై కూడిక తెలిసిన చాలును. బోరు దగ్గరి షెడ్డులో నొక పెట్టె నుంచిన నెవ్వరు చూడవచ్చెదరను తలంపు భూమిగల యే కుటుంబమునందైన తలయెత్తినచో, పెద్దలు వెంటనే వారింపవలెను. ఒక ప్రయోజనమున కనుమతించిన విద్యుత్తును మరియొక ప్రయోజనమునకు వాడుట 2003 నాటి విద్యుత్ చట్టము ప్రకారము చౌర్యము క్రిందకు వచ్చును. మూడేండ్ల వరకు కారాగారశిక్షకు తావున్నది. శిక్ష మాట యటుండనిండు. ఉచితమనబడు ఆ విద్యుత్తు వెలను ప్రభుత్వము ప్రజల పన్నులనుండి విద్యుత్ సంస్థలకు చెల్లించుచున్నది. ట్రాన్స్‌ఫార్మరు ఒకటే. దానిపై నొకరు పెట్టె నిలిపినచో వోల్టేజి పడిపోయి కాలునది ప్రక్క చేని మోటారు. నీటి సాగు లేక బోరును నమ్మి కౌలు చేయుచున్నవాడు ఆ మోటారు చుట్టించుటకు చేయు అప్పు ఎవ్వరి లాభములోనిది?

ఇంత చేసి మిగులునదైన ఎవ్వరిది? యంత్రము చీనాది. అందలి చిప్పులు ప్రధానముగా తైవాను కర్మాగారములలో పుట్టినవి. ఏటేట క్రొత్త నమూనా వచ్చి పాతది ఇనుపసామానుల అంగడికి పోవును; 2017లో మేటి యంత్రమని పేరొందిన ఎస్9 వేగము పదునాలుగు టెరాహాషులు దాటదు. విద్యుత్తు మాత్రము మనది; సింగరేణి బొగ్గు కాల్చినది, శ్రీశైలము నీరు త్రిప్పినది.

యువకుల కుతూహలమును మేము నిరసించుట లేదు. ఈ విద్యను నేర్వవలెనను వారికి బిట్‌యాక్సు అను చిన్న పలక కలదు. దాని నమూనాలన్నియు బహిరంగముగా ప్రకటింపబడినవి. చిప్పు తెప్పించుకొని, చేయి తిరిగినవాడు తానే అతికించుకొనవచ్చును. పదునెనిమిది వాట్లకు లోపే. నెలకు పదిపండ్రెండు యూనిట్లు. గెలుపు సగటున పదునైదువేల యేండ్ల కొకమారు వచ్చును గనుక రాబడిపై భ్రమకు తావు లేదు. హాషన నేమో, చిట్టా యెట్లు మూయబడునో, వేడి యెట్లు తొలగునో కన్నులార చూచి నేర్చుకొనవచ్చును. ఇరువదియైదు వేల బిల్లుతో నేర్చుకొనునదియు ఇదియే.

రెండు రాష్ట్రముల విద్యుత్ నియంత్రణ మండలులు విద్యుద్వాహనముల చార్జింగునకు ధరల పట్టికలో ప్రత్యేక వర్గము నేర్పరచినవి. తవ్వకమునకును అట్టి వర్గమొకటి నేర్పరచి, దాని ధర ఇంత, దానికి ప్రత్యేక మీటరు తప్పనిసరి, వ్యవసాయ లైనుపై నిషిద్ధము అని స్పష్టముగా ప్రకటించుటకు అడ్డేమి? రాబోవు ధరల నిర్ణయమునకై జరుగు బహిరంగ విచారణలో రైతు సంఘములును, పట్టణ వినియోగదారుల సంఘములును ఈ కోరికను వ్రాతమూలకముగా మండలుల ముందుంచవలెను.