యాభై అయిదో మాట దగ్గర తెగిన టపా

విశాఖలో పొద్దున్నే కిరండూల్ రైలెక్కి కిటికీ పక్కన కూర్చుంటే కొత్తవలస దాటేదాకా ఫోన్‌కు ఢోకా ఉండదు. శృంగవరపుకోట వెనక్కి పోయి బండి కొండెక్కడం మొదలుపెట్టాక సొరంగాలు వరసకడతాయి. ఈ మార్గం మొత్తమ్మీద 58 ఉన్నాయి. సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది. బొర్రా వచ్చేలోపు చదువుదామని ఫీడ్ రీడర్‌లో ఓ టపా తెరిస్తే నాలుగు వాక్యాలు, వాటి కింద ‘ఇంకా చదవండి’. నొక్కితే తెల్లటి తెర మీద సున్నా గిరగిరా తిరుగుతుంది. రైలు ఒక సొరంగంలోంచి బయటపడి ఇంకో దాంట్లో దూరినా అది తిరుగుతూనే ఉంటుంది.

దాని కిందే ఉన్న మరో బ్లాగు టపా మాత్రం మొదటి అక్షరం నుంచి చివరి చుక్కదాకా హాయిగా తెరుచుకుంటుంది. ఇంట్లో వైఫై ఉండగానే అది ఫోన్‌లోకి దిగిపోయింది మరి.

ఈ తేడా అంతా బ్లాగరు ఎప్పుడో సెట్టింగుల్లో పెట్టిన ఒక్క టిక్కు వల్ల వచ్చింది. కొత్త టపా పడగానే దాన్ని పాఠకుడి దగ్గరికి చేర్చే ఆరెస్సెస్ ఫీడ్ పద్ధతి 1999లో నెట్‌స్కేప్ నుంచి వచ్చింది. టపా మొత్తం పంపాలా, సారాంశమే పంపాలా అన్నది రాసేవారి ఇష్టం. మొత్తమే పంపాలి. తెలుగు బ్లాగర్లకైతే ఈ మాట మరీ గట్టిగా చెప్పాలి.

అసలు సారాంశమన్న పేరే తప్పు. రచయిత విడిగా రాసి పెట్టకపోతే వర్డ్‌ప్రెస్ మొదటి 55 మాటలు లెక్కపెట్టి అక్కడ తెగ్గోస్తుంది. ఎర్రమట్టి దిబ్బల గురించి ఎవరైనా రాశారనుకుందాం. మన అలవాటు ప్రకారం ఆదివారం పొద్దున బయల్దేరడం, భీమిలి రోడ్డు, దారిలో టీ, పక్కన సముద్రం అయ్యేసరికే 55 మాటలు సరి. దిబ్బలు ఇంకా కనిపించనే లేదు! వారపత్రిక సీరియల్లో ‘సశేషం’ ఎక్కడ పడాలో రచయితకు తెలుసు, కథను అక్కడికే నడిపించేవాడు. యంత్రానికి లెక్క తప్ప కథ తెలియదు.

బ్లాగర్ల భయాలు లేనివి కావు. టపా అంతా పంపేస్తే బ్లాగుకు ఎవరొస్తారు, ప్రకటనల డబ్బు ఏమవుతుంది, ఎవరైనా ఎత్తేసి తమ పేరుతో వేసుకుంటే? ఎత్తేసేవాడు నేరుగా పేజీలోంచే ఎత్తుకుపోతాడు, సారాంశం వాణ్ని ఆపలేదు. ఇక డబ్బు సంగతి. గూగుల్ యాడ్‌సెన్స్ తెలుగును చేర్చుకున్నది 2018లో. జనం ఎక్కువగా వాడిన ఫీడ్ రీడర్, గూగుల్ రీడర్, 2013 జులై 1నే మూతపడింది. అంటే ఫీడ్‌లు వెలిగిన రోజుల్లో తెలుగు టపాను సగానికి కోసిన బ్లాగరు, ఆ దారిన రాని ఆదాయం కోసం చదివేవాళ్లను పోగొట్టుకున్నాడు.

పలు బ్లాగుల కొత్త టపాలను ఒకేచోట చూపిన కూడలి, జల్లెడ, మాలిక లాంటి సంకలినుల్లో నాలుగు వాక్యాల ముక్కకు పని ఉండేది. అది బజారు, జనం అక్కడ ఎంచుకోవడానికి వచ్చేవారు. అయితే మొత్తం అందినా సంకలిని తనకు కావలసినంత కోసుకోగలదు. మూలంలోనే కోసేస్తే మిగతాది ఎవరూ అతికించలేరు. ముప్ఫై ఫొటోల టపా అయితే డేటా ఖర్చు చూసి సారాంశం పంపినా తప్పు లేదు, కాకపోతే ఆ నాలుగు వాక్యాలూ రచయితే కూర్చుని రాయాలి.

మొత్తం పంపాలన్న సంగతి విశాఖకు కొత్తగా చెప్పక్కర్లేదు. 1974 ఆగస్టు 10న ‘ఈనాడు’ ఇక్కడే పుట్టి, తెల్లారేసరికి పేపరు గుమ్మంలో ఉండాలన్న పట్టుదలతో పాఠకుల్ని గెలుచుకుంది. గుమ్మంలో పడింది పూర్తి పేపరు. మొదటి పేజీ ఇచ్చి మిగతాది ఆఫీసుకొచ్చి చదువుకోమంటే ఎవరు వెళ్తారు?

ఇంకొక నష్టం ఆలస్యంగా తెలుస్తుంది. బ్లాగుల ఫీడ్‌లను అందించే ఫీడ్‌బర్నర్ సేవ 2021 దాకా టపాలను ఈమెయిల్లో కూడా పంపేది. ఆ బ్లాగర్లలో ఎంతోమంది రాయడం మానేశారు, కొన్ని బ్లాగుల చిరునామాలు ఇప్పుడు తెరుచుకోవు. పూర్తి పాఠం పంపినవాళ్ల టపాలు పాత మెయిల్ పెట్టెల్లో ఈరోజుకీ చదువుకోవచ్చు. సారాంశం పంపినవాళ్లవి వెతికితే నాలుగు వాక్యాలు దొరుకుతాయి, వాటి కింద ఎక్కడికీ వెళ్లని ‘ఇంకా చదవండి’.