రంగు చూసి బల్లిని కొనకండి

ఈసారి పుట్టినరోజుకు కుక్కపిల్ల వద్దు, ఇగ్వానానో ఊసరవెల్లో కావాలని పిల్లలు మారాం చేస్తున్న ఇళ్లకు ఈ విజ్ఞప్తి. పిల్లల పేరు చెప్పి తామే ముచ్చటపడుతున్న పెద్దలకు కూడా.

ఫోన్లో చూసిన వీడియో ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఒళ్లంతా పచ్చల రంగు, పక్కల మీద నీలి చారలు, కంటి చుట్టూ ఎర్రటి చుక్కలు, ఒకరి వేలి మీద కదలకుండా కూర్చున్న ఊసరవెల్లి. దాని కిందే అమ్మేవాడి హామీ: "చేతికి బాగా అలవాటైంది సార్, ఏమీ చేయదు, రోజూ కాస్త మేత వేస్తే చాలు." అంత అందం అంత సులువుగా దొరుకుతుంటే ఎవరికి మాత్రం మనసు లాగదు! అయితే మీరు డబ్బిచ్చి కొంటున్నది ముఖ్యంగా ఆ రంగునే. ఇంటికి వచ్చాక నిలవనిది కూడా అదే.

ఆ వీడియోలోది బహుశా పాంథర్ ఊసరవెల్లి అయివుంటుంది. మడగాస్కర్ ద్వీపంలో ఉత్తర, తూర్పు తీరాల్లో ఉంటుంది. అక్కడ ఊరు మారితే రంగు మారుతుంది: నోసీ బే దీవిలోవి నీలిపచ్చగా ఉంటాయి, అంబిలోబె వైపువి ఎరుపూ నీలం చారలతో ఉంటాయి. అయితే అవన్నీ ఎదిగిన మగవాటి సొగసులు. దుకాణంలో మీ చేతికిచ్చే పిల్ల బూడిద, మట్టి రంగుల్లో ఉంటుంది. అది ఆడదని తేలితే ఎన్నాళ్లు పెంచినా గోధుమ, లేత నారింజ ఛాయలు దాటదు. మగదే అయినా నెలల తరబడి ఆగాలి.

ఆగారనుకుందాం. రంగు ఎప్పుడు విరగకాస్తుందో 2015లో జెనీవా విశ్వవిద్యాలయం పరిశోధకులు తేల్చిచెప్పారు. ఈ ఊసరవెల్లి చర్మంలో గ్వానిన్ అనే పదార్థపు అతి సూక్ష్మమైన స్ఫటికాలు జాలీ అల్లినట్టు వరసగా ఉంటాయి. ప్రాణి నెమ్మదిగా ఉన్నప్పుడు అవి దగ్గరగా ఉండి నీలి కాంతిని వెనక్కి పంపుతాయి. చర్మంలోని పసుపు దానికి కలిసి మనకు పచ్చగా కనిపిస్తుంది. పోటీకి మరో మగది ఎదురుపడితే, లేదా ఆడది కనిపిస్తే స్ఫటికాల మధ్య దూరం పెరుగుతుంది. పచ్చ కాస్తా పసుపు, నారింజ అవుతుంది. అంటే వీడియోలో మనల్ని అంతగా ఆకట్టుకున్న ఆ వెలుగు చాలాసార్లు యుద్ధానికి సిద్ధమైన జంతువుది. రంగు చూపించడానికి పక్క పంజరంలో మరో మగదాన్ని, లేదా అద్దాన్ని పెట్టేవాళ్లున్నారు. రోజూ అలా రెచ్చగొడితే మేత మానేసి నల్లబడి మూలకు చేరుతుంది. ఊసరవెల్లి ఒంటరి ప్రాణి. ఎవరూ ముట్టుకోకపోవడమే దానికి సుఖం. వేలి మీద కూర్చున్నది మచ్చికై కూర్చుందని నేను నమ్మను.

ఇగ్వానా కథ మరో రకం. తొండ ముదిరి ఊసరవెల్లి అయిందని సామెత. ఇగ్వానా ముదిరితే ఉడుమంత అవుతుంది. జానెడు పిల్లగా ఉన్నప్పుడు చిగురాకు పచ్చతో మెరుస్తూ జేబులో పట్టేట్టుంటుంది. మూడు నాలుగేళ్లలో తోకతో కలిపి నాలుగైదు అడుగులు పెరుగుతుంది, ఆ పచ్చ మాసి బూడిద రంగులోకి దిగుతుంది. సరిగ్గా చూసుకుంటే పదిహేను, ఇరవై ఏళ్లు బతుకుతుంది. నాలుగో తరగతిలో అడిగి కొనిపించుకున్న పిల్లవాడు ఇంజినీరింగు ముగించి ఉద్యోగానికి వెళ్లిపోయాక కూడా అది మీ బాల్కనీలోనే ఉంటుంది. జతకట్టే కాలంలో మగది నారింజ రంగు తిరిగి, అన్నం పెట్టిన చేతినే కరుస్తుంది. తోకతో కొడితే చర్మం మీద వాత తేలుతుంది.

మేత మాటకొస్తే, ఆకుకూరలు మన ఇంట్లో ఉండేవే కదా అనుకుంటాం. రోజూ పాలకూర, తోటకూర వేస్తే వాటిలోని ఆక్సలేట్లు కాల్షియాన్ని ఒంటికి పట్టనివ్వవు. ఊసరవెల్లికి, గెకో బల్లులకు ఆకులు చాలవు, బతికున్న పురుగులు కావాలి. చిమ్మెట్లనో బొద్దింకలనో డబ్బాలో పెంచి, వాటికీ మేత వేసి, కాల్షియం పొడి అద్ది వదలాలి. ఉల్లిపాయ కూడా గడప దాటనివ్వని ఇళ్లవాళ్లు ఇది ముందే ఆలోచించుకోవడం మంచిది. అర్ధరాత్రి పడగ్గదిలో చిమ్మెట అరుపు విన్నాక ఆలోచించి లాభం లేదు.

నీళ్లు కూడా అంతే. గిన్నెలో నీళ్లు పెట్టి ఊరుకుంటే ఊసరవెల్లి దాహంతో చస్తుంది, ఎదురుగా ఉన్నా గుర్తుపట్టదు. అడవిలో ఆకుల మీంచి జారే చుక్కల్ని నాలుకతో అందుకునే అలవాటు దానిది. కాబట్టి రోజుకు కొన్నిసార్లు ఆకులు తడపాలి. మన మే నెల మధ్యాహ్నాల్లో, కరెంటు పోయిన గదిలో అది నోరు తెరిచి రొప్పుతుంది. పోనీ అని ఏసీ వేస్తే గాలి పొడిబారి కళ్లు లోపలికి పీక్కుపోతాయి.

వీటన్నిటికంటే ఎక్కువ ప్రాణాలు తీసేది వెలుతురు లోపం. పగటిపూట తిరిగే ఈ జీవులకు ఎండలోని అతినీలలోహిత బి కిరణాలు తగిలితేనే విటమిన్ డి తయారై, తిన్న కాల్షియం ఎముకకు చేరుతుంది. కిటికీ పక్కన గాజుపెట్టె పెట్టి 'ఎండ బాగానే పడుతోంది' అనుకునేవాళ్లు చాలామంది. కిటికీ అద్దం వెలుగును రానిస్తుంది, ఆ కిరణాలను ఆపేస్తుంది. ప్రత్యేకమైన ట్యూబులైట్ పెట్టినా, అది వెలుగుతూనే ఉంటుంది గానీ కొన్ని నెలలకు ఆ కిరణాలివ్వడం తగ్గిపోతుంది. మార్చాలని కంటికి తెలియదు. ఆ లోపం బయటపడేది జంతువు ఒంట్లోనే. కింది దవడ రబ్బరులా మెత్తబడుతుంది, కాళ్లు వంకర్లు పోతాయి, కొమ్మ పట్టుకోబోతే వేళ్లు వణుకుతాయి. అప్పటికి దాని ఎముకల్లోంచి కాల్షియం చాలావరకు పోయివుంటుంది. కుక్కలకూ గేదెలకూ వైద్యం చేసే డాక్టర్ మన ఊళ్లో ఉంటారు. బల్లి ఎక్స్‌రే చూసి చెప్పగలిగినవారి కోసం వెతుక్కోవాల్సిందే.

చంటిపిల్లలున్న ఇళ్లకు ఇంకో జాగ్రత్త. పైకి ఆరోగ్యంగా కనిపించే సరీసృపాల పేగుల్లో కూడా సాల్మొనెల్లా బాక్టీరియా ఉండొచ్చు. ఐదేళ్లలోపు పిల్లలున్న ఇంట్లో వీటిని ఉంచొద్దని అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ చెబుతోంది.

ఇంత శ్రమపడి ఒక్క ప్రాణిని బాగా చూసుకునేవాళ్లూ ఉన్నారు, కాదనను. అయినా అది ఎక్కడినుంచి వచ్చిందన్న ప్రశ్న మిగిలే ఉంటుంది. టాంజానియాలో కింబోజా అనే చిన్న అడవి ఉంది. అక్కడి ఒక రకం మొగలి చెట్ల ఆకుల మొదళ్లలో వేలెడంత నీలి గెకో బల్లి కాపురం. మగదాని నీలం పెయింటు వేసినట్టుంటుంది. ఐరోపా, అమెరికాల్లో దానికి గిరాకీ పెరగడంతో పట్టేవాళ్లు అడవిలో దిగారు. ఒక్క ముఠాయే 2004 డిసెంబరు నుంచి 2009 జులై దాకా 32 వేలకు పైగా బల్లుల్ని తీసుకుపోయిందని అంచనా. అందనంత ఎత్తులో ఉంటే చెట్టునే నరికేశారు. అంటే పట్టుకున్నవాటితో పాటు మిగిలినవాటికీ ఇల్లు లేకుండా పోయింది. 2017 నుంచి దాని అంతర్జాతీయ వ్యాపారాన్ని, అరుదైన జీవుల క్రయవిక్రయాలను దేశాల మధ్య అదుపు చేసే సైటీస్ ఒప్పందం నిషేధించింది. దాన్ని అక్కడిదాకా తెచ్చింది ఆ నీలం రంగే. మన దగ్గర చూస్తే, బ్యాంకాక్ నుంచి దిగిన ప్రయాణికుల సూట్‌కేసుల్లో చాక్లెట్ల మధ్య, సాక్సుల్లో చుట్టి తెచ్చిన ఇగ్వానాలూ ఊసరవెల్లులూ కస్టమ్స్ వాళ్లకు దొరికాయన్న వార్త చెన్నై నుంచో బెంగళూరు నుంచో వస్తూనే ఉంది. దొరకనివి ఎక్కడికి చేరుతున్నాయో ఊహించడం కష్టం కాదు.

చట్టం గురించి దుకాణాల్లో చెప్పే మాటలు పాతబడ్డాయి. "విదేశీ జంతువు సార్, మన అటవీ శాఖకు సంబంధం లేదు" అనేది ఒకప్పుడు చెల్లింది. వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో చేసిన సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. ఇగ్వానా, పాంథర్ ఊసరవెల్లి లాంటి సైటీస్ జాబితా జీవులను అందులో నాలుగో షెడ్యూల్లో చేర్చారు. వాటిని ఇంట్లో ఉంచుకున్నవారు పరివేష్ 2.0 పోర్టల్లో నమోదు చేసుకోవాలని 2024 ఫిబ్రవరిలో నియమాలు వచ్చాయి. చేతులు మారినా, పిల్లలు పెట్టినా, చనిపోయినా రాష్ట్ర చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్‌కు తెలపాలి. ఇక మన పొలం గట్ల మీది ఊసరవెల్లిని పట్టడం, అమ్మడం, పెంచడం ఎలాగూ నేరమే.

పెంచలేక విసిగిపోయినవాళ్లు చేసే పని మరీ ప్రమాదం. ఊరి చివర చెరువు గట్టున వదిలేసి 'స్వేచ్ఛనిచ్చాం' అనుకుంటారు. ఫ్లోరిడాలో ఇగ్వానాలు అలాగే పెరిగి కాలువ గట్లనూ రిటైనింగ్ గోడలనూ బొరియలతో గుల్ల చేస్తుంటే, 2021లో ఆ రాష్ట్రం వాటిని నిషిద్ధ జాబితాలో పెట్టింది. అక్కడ స్థిరపడ్డ మన తెలుగువాళ్లు చలికాలంలో చెట్ల మీంచి రాలిపడే ఇగ్వానాల గురించి చెబుతుంటారు. నవ్వులాటలా వినిపిస్తుంది గానీ, గ్రాండ్ కేమన్ దీవిలో 2018లో మొదలుపెట్టి పది లక్షలకు పైగా ఇగ్వానాలను చంపాల్సి వచ్చింది. తైవాన్‌లో అవి పంటలమీద పడ్డాయి. మనది వాటికి సరిపోయే ఎండ.

పిల్లలకు రంగుల బల్లిని చూపించాలని ఉంటే ఊరు దాటితే చాలు. ఎండాకాలం చివర్లో బండలున్న చోటికి పొద్దున్నే వెళ్లండి. రాతి మీద ఉండే తొండల్లో మగది జతకట్టే కాలంలో ఎరుపూ నలుపూ దిద్దుకుని, బండ అంచున నిలబడి గుంజీలు తీస్తుంటుంది. ఆడదాని ముందు ఒక రంగుల జత, పోటీకొచ్చిన మగదాని ముందు మరో జత, అదీ క్షణాల్లో మారుస్తుంది. పెరట్లో కంచె మీది మామూలు తొండకు కూడా అదే కాలంలో తలా మెడా ఎర్రబడతాయి. దాన్ని చూసి రాయి తీసే పిల్లవాడి చేతిని ఆపితే చాలు, మిగతా పాఠం అదే చెబుతుంది. తిరుమల కొండల్లో నిజంగానే బంగారు బల్లి ఉంది. 1870లో బెడ్డోమ్ అనే ప్రకృతి పరిశోధకుడు దానికి శాస్త్రీయంగా పేరు పెట్టాక వందేళ్లకు పైగా ఎవరికీ కనపడక, 1980ల్లో మళ్లీ బయటపడింది. పగలంతా రాతి చీలికల్లో ఉండి రాత్రి తిరుగుతుంది. ఎన్నో ఆడబల్లులు ఒకే బండ కింద పక్కపక్కనే గుడ్లు అతికిస్తాయి. కంచి వరదరాజ స్వామి గుడిలో బంగారు బల్లిని తాకడానికి వరసలో నిలబడే మనలో ఎందరికి ఈ ప్రాణమున్న బంగారు బల్లి సంగతి తెలుసు?

ఇప్పటికే ఇంట్లో ఇగ్వానానో ఊసరవెల్లో ఉన్నవారిని నేను తప్పుపట్టడం లేదు. ముందు నమోదు సంగతి చూసుకోండి. ట్యూబు ఎప్పుడు మార్చారో పెట్టె మీద తేదీ రాసి పెట్టుకోండి. పాలకూర మానేసి మునగాకు అలవాటు చేయండి. ఇక పెంచలేమనుకుంటే అటవీ శాఖకు చెప్పి అప్పగించండి. చెరువు దగ్గర మాత్రం వదలకండి.

ఎంత చెప్పినా కొని తీరాలని ఉన్నవారు ముందు పెట్టె, దీపాలు, నీటి ఏర్పాటు అన్నీ అమర్చి, లోపల ఏ ప్రాణీ లేకుండా ఒక్క మే నెల నడిపి చూడండి. వేడి, తేమ ఎలా ఉంటున్నాయో రోజూ రాయండి. బల్లికి వైద్యం చేసే డాక్టర్ దొరుకుతారేమో ఈలోపే వెతకండి. అప్పుడు దుకాణానికి వెళ్లి ఇది ఎక్కడ పుట్టింది, నమోదు పత్రం ఏది అని అడగండి. చూపించకపోతే ఖాళీ చేతులతో తిరిగి రండి, ఆ దుకాణం గురించి అటవీ శాఖకు చెప్పండి.